లావు గీత దగ్గర

జగన్ పాదం నలిగిన పన్నెండో రోజున ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. రేపు పదింటికి రావాలి, ఒక కాగితం మీద సంతకం పెట్టాలి అన్నారు. ఏ కాగితమో వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. నా భార్య అరుణమ్మ బియ్యం చాట కింద పెట్టి నా మొహం చూసింది.

"ఏమన్నరు?"

"రమ్మన్నరు."

"గంతేనా?"

"గంతే."

"ఎందుకని అడగాలె గదా. నోట్ల ఏం పెట్టుకున్నవయ్యా, స్క్రూలా?"

నాకు మాటలు తక్కువే. ముప్పై రెండేళ్లుగా లిఫ్టుల పని. ఆ పనికి నోటికంటే చెవి ముఖ్యం. మోటారు గదిలో కళ్లు మూసుకుని నిలబడితే బేరింగు అరిగిందో, బ్రేకు పట్టేసిందో చప్పుడే చెబుతుంది. చదువు మూడో తరగతితో ఆగింది. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుపడతాను గానీ కలిపి చదవలేను.

వెంకటేశ్వరరావు సారు దగ్గర చేరిన మొదటి మనిషిని నేనే. ఆయన తెనాలి నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, లిఫ్టులు బాగుచేసే కంపెనీ పెట్టిన రోజున ఆ గదికి బోర్డు కొట్టింది నేను. ఇప్పుడు కంపెనీ చేతిలో రెండు వందల బిల్డింగులు, పద్దెనిమిది మంది మెకానిక్కులు ఉన్నారు. అందరూ నన్ను మేస్త్రీ అంటారు. జగన్ ఒక్కడే కాకా అంటాడు. నల్లగొండ దగ్గర మా ఊరివాడే. పెళ్లయిన కొత్తలో పని వెతుక్కుంటూ వస్తే నేనే చేర్పించాను. స్పానరు ఎట్లా పట్టాలో దగ్గర్నుంచి వాడికి నేర్పింది నేను.

మా పనిలో ఒక పద్ధతి ఉండేది. అది నేను పెట్టిందే. సర్వీసుకు ఇద్దరు పోతారు. ఒకరు పైన మోటారు గదిలో, ఒకరు కింద లిఫ్టు గుంతలో. ముందు మీటర్ల గదిలో మెయిన్ స్విచ్ దించేస్తాం. దించాక ఇద్దరం చెప్పులు ఆ స్విచ్ కిందనే విడిచి, వట్టి కాళ్లతో పనిలోకి పోతాం. పని అయినవాడు వచ్చి తన చెప్పులు తొడుక్కుంటాడు. స్విచ్ కింద ఒక్క చెప్పు మిగిలి ఉన్నా దాన్ని ఎవరూ ఎత్తరాదు. రాసిన బోర్డు ఒకటి తగిలించుకోవచ్చు కదా అని సారు ఒకసారి అన్నాడు. బోర్డును తీయడం మరిచిపోయి పోతారు, చెప్పులు మరిచిపోయి ఎవడూ ఇంటికి పోడు అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ పద్ధతి ఉన్నన్నాళ్లు మా వాళ్లలో ఎవరికీ చిటికెన వేలు కూడా తెగలేదు.

పోయిన దసరా అయ్యాక సారు బిడ్డ ఉదయలక్ష్మి ఆఫీసుకు రావడం మొదలుపెట్టింది. ఇంజినీరింగు చదివి, మాదాపూర్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి, అది మానేసి వచ్చింది. పనంతా ఫోన్లలో నడిచేటట్టు ఒక యాప్ తయారు చేస్తానంది. దానికి ముందు, పని ఎట్లా నడుస్తుందో బొమ్మ గీయాలట. ఎవర్ని అడగాలి అంటే సారు నన్ను చూపించాడు.

"బాబాయ్, మీరు చెబుతూ ఉండండి, నేను గీసుకుంటాను."

"చెప్పుడు నాకు రాదమ్మా. చేసి చూపిస్త."

"అయితే చేసి చూపించండి. నేనూ వస్తాను."

ఊరికే అన్నదనుకున్నాను. నిజంగానే పది రోజులు నా వెంట బిల్డింగులు తిరిగింది. మోటారు గదుల నిచ్చెనలు ఎక్కింది. చున్నీకి గ్రీజు అంటితే, ఇంటికి పోతే అమ్మ చంపేస్తుందని నవ్వింది. సాయంత్రాలు ఆఫీసులో పెద్ద కాగితం పరిచి, నేను పగలు చేసిందంతా బొమ్మగా గీసేది. దాన్ని యాక్టివిటీ డయాగ్రమ్ అంటారట. ఆ పేరు నాకు నోరు తిరగలేదు గానీ బొమ్మ పట్టుబడింది.

నా చొక్కా జేబులో ఎప్పుడూ వాషర్లు ఉంటాయి. ఒకటి అడిగి తీసుకుని కాగితం పైభాగాన ఉన్న నల్ల చుక్క మీద పెట్టింది.

"ఇది మన పని అనుకోండి బాబాయ్. ఇక్కడ పుడుతుంది. బాణం ఎటు చూపిస్తే అటు నడుస్తుంది. ఈ గుండ్రటి మూలల డబ్బాలోకి వచ్చిందంటే అందులో రాసిన పని జరుగుతున్నట్టు. అయిపోతే తర్వాతి బాణం."

వాషరును వేలితో జరిపింది. మెయిన్ స్విచ్ దించడం ఒక డబ్బా. దాని కింద అడ్డంగా ఒక లావు గీత. గీత కింద నుంచి రెండు బాణాలు బయలుదేరాయి.

"ఇక్కడ పని రెండవుతుంది. ఇంకో వాషరు ఇవ్వండి. ఒకటి మోటారు గదికి, ఒకటి గుంతలోకి. రెండూ ఒకేసారి నడుస్తాయి. ఎవరి దారి వాళ్లది."

కాగితం కిందికి వచ్చేసరికి ఇంకో లావు గీత. పై నుంచి రెండు బాణాలు వచ్చి దాని మీద దిగుతున్నాయి. దాని కింద నుంచి ఒకటే బాణం. ఆ తర్వాతి డబ్బా, స్విచ్ ఎత్తడం.

నేను నా వాషరును గీత దాటించి స్విచ్ డబ్బాలో పెట్టాను. ఆమె నా వేలు పట్టుకుని వెనక్కి జరిపింది.

"ఊహూ. గీత దగ్గర ఆగాలి. గుంతలో వాషరు ఇంకా రాలేదు కదా. రెండూ వచ్చాకే గీత వదులుతుంది. మీ చెప్పుల లాంటిదే బాబాయ్ ఇది."

నేను ఆ గీత వంక చాలాసేపు చూశాను. నా బుర్రకు ఎప్పుడో తోచిన దానికి చదువుకున్నోళ్ల దగ్గర ముందే ఒక గుర్తు ఉందన్నమాట.

బొమ్మలో పేకముక్కల మీద ఉండేలాంటి డైమండ్లు కూడా ఉన్నాయి. లిఫ్టు సరిగా నడుస్తోందా అని అడిగే చోట ఒకటి. అవునంటే ఒక బాణం, కాదంటే ఇంకో బాణం. ఆ రెండు దారులూ తర్వాత మళ్లీ కలిసే చోట ఇంకో డైమండ్.

"ఈడ గూడ రెండు బాణాలొచ్చి ఒకటైతున్నయి," అన్నాను. "గీత కాడ గూడ గంతే. మరి తేడా ఏంది?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "మా బ్యాచ్‌లో సగం మంది పరీక్షలో ఇక్కడే తప్పు రాశారు బాబాయ్. డైమండ్, ఎవరు ముందొస్తే వాళ్లను పంపించేస్తుంది. రెండోవాళ్లు వచ్చారా లేదా చూడదు. గీత చూస్తుంది."

"అంటే డైమండ్ ఆపది. గీత ఆపుతది."

"అంతే. ఇంక మీరు పరీక్ష పాసయినట్టే."

బొమ్మ అయిపోయాక నాకొక కాపీ ఇచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద ఉన్న జిరాక్సు షాపులో లామినేషన్ చేయించి, ఇంట్లో గోడకు కొట్టుకున్నాను. అరుణమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"దేవుని పటం పక్కన పెట్టినవు. దీనికి గూడ దండ ఎయ్యాల్నా?"

సంక్రాంతి వెళ్లాక యాప్ వచ్చింది. దానితోపాటు అందరికీ ముందు ఇనుప పట్టీ ఉన్న షూలు వచ్చాయి. వాటిని విడిచి గుంతలోకి దిగరాదు. మరి చెప్పుల పద్ధతి ఎట్లా అని సారును అడిగాను.

"షూ లేకుండా దిగితే ఇన్సూరెన్సువాడు ఒప్పుకోడయ్యా. ఇంక ఆ పని ఫోను చూసుకుంటుంది. మా అమ్మాయి నీకు చెప్పే ఉంటుందిగా."

ఉదయలక్ష్మిని అడిగాను. "గీత పక్కానా పాపా?"

"పక్కా బాబాయ్. మీ చెప్పులు తీయించేది నేనే కదా. పూచీ నాది."

అట్లా చెప్పులు పోయాయి. పని అయ్యాక ఎవరి ఫోన్‌లో వాళ్లు నొక్కాలి. నేను నొక్కగానే తెర పసుపు రంగులోకి మారి అట్లాగే ఉండేది. జగన్ కూడా నొక్కాక పచ్చగా మారేది. అప్పుడు స్విచ్ ఎత్తేవాణ్ని. గుంతలో సిగ్నల్ ఉండదు. ఒక్కోసారి వాడు గుంతలోంచి ఎక్కి, ఫోను పైకి పట్టుకుని వాకిట్లోకి నడిచేదాకా ఐదు, పది నిమిషాలు పట్టేది. నేను వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని పసుపు తెర చూస్తూ ఉండేవాణ్ని. ఇదివరకు చెప్పుల కోసం ఆగినట్టే. మెల్లగా, కిందికి ఒక కేక వేసి చూసే అలవాటు కూడా నాకు పోయింది. గీత ఉండగా కేక ఎందుకు?

మే నెలలో ఎల్.బి.నగర్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకు పోయాం. నేను పైన, జగన్ గుంతలో. నా పని ముందు అయింది. మెట్లు దిగి, బిల్డింగు వెనక ఉన్న మీటర్ల గదికి వచ్చి ఫోను నొక్కాను. ఈమధ్య చాలాసార్లు అయినట్టే పసుపు రాలేదు. నొక్కీ నొక్కగానే పచ్చగా అయింది. జగన్ నాకంటే ముందే నొక్కాడనుకున్నాను. వాడి చెయ్యి బాగా తిరిగింది అని కూడా అనుకున్నాను. స్విచ్ ఎత్తాను.

ఎవరో వాకిట్లో లిఫ్టు బటన్ నొక్కారు. మొదటి అంతస్తులో ఆగి ఉన్న లిఫ్టు కదిలిన చప్పుడు విన్నాను. తర్వాత గోడ అవతల నుంచి జగన్ అరుపు విన్నాను.

వాడు పని ముగించి, లిఫ్టు కదలకుండా గుంతలో నొక్కి ఉంచే ఎర్ర బటన్ మామూలుగా పెట్టి, పైకి ఎక్కాడట. టార్చి కిందే మరిచానని గుర్తొచ్చి మళ్లీ దిగాడట. ఫోను ఇంకా సంచిలోనే ఉంది. నొక్కలేదు. లిఫ్టు మీదికి వస్తుంటే గోడకు అతుక్కున్నాడు గానీ ఎడమ పాదం గుంత అడుగున ఉండే స్ప్రింగుకూ లిఫ్టుకూ మధ్య ఇరుక్కుంది. దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. మడమకు రాడ్డు వేశారు.

మూడో రోజు చూడబోతే జగన్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నాడని వాడి భార్య యాదలక్ష్మి అంది. నిద్రలో ఉన్నవాడు దుప్పటి అంచు అట్లా పిడికిట్లో పట్టుకోడు.

వరండాలోకి వచ్చాక ఆమె మెల్లగా అడిగింది. "నువ్వు మీద ఉన్నవంటే ఈయన కండ్లు మూసుకొని దిగుతడు మామా. గట్లెట్ల ఎత్తినవు?"

"పచ్చగైంది బిడ్డా."

"ఏంది పచ్చగైంది?"

తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత రోజూ గోడ మీది బొమ్మ దించి, ముందు పెట్టుకుని, రెండు వాషర్లు నడిపించాను. ఎన్నిసార్లు నడిపినా నా వాషరు లావు గీత దగ్గర ఆగింది. జగన్ వాషరు గుంత డబ్బాలోనే ఉంది. గీత వదలదు. వదిలితే తప్ప తెర పచ్చగా మారదు. పచ్చగా మారింది, నేను చూశాను. అంటే నా కళ్లు అబద్ధం చెప్పాలి, లేకపోతే గీత అబద్ధం చెప్పాలి.

ఉద్యోగం పోతుందనే బెంగ నాకు లేదు. అరవై ఆరేళ్లు వచ్చాయి. కానీ నేను ఆగకుండా స్విచ్ ఎత్తానని జగన్ అనుకుంటే, వాడు బతికినన్నాళ్లు కుంటుతూ వేసే ప్రతి అడుగుకూ ఆ మాట అనుకుంటాడు. అది ఒక్కటే నాకు నిద్ర పట్టనీయలేదు.

రమ్మన్న రోజు లామినేషన్ కాగితం చుట్టి సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కాను. షూ వేసుకోలేదు, పాత చెప్పులే. ఆఫీసు మూడో అంతస్తు. కింది రెండు అంతస్తులూ కోచింగ్ సెంటరు. తలుపు ముందు చెప్పులు విడుస్తుంటే అక్కడ ఒంటి చెప్పు ఒకటి కనబడింది. కుడికాలిది. ఎడమకాలికి జత లేదు. చూపు తిప్పుకుని లోపలికి పోయాను.

సారు ఉన్నాడు. ఆయన పక్కన ఉదయలక్ష్మి ముందు లాప్‌టాప్ ఉంది. ఆ అపార్ట్‌మెంటు సెక్రటరీ సాంబమూర్తి గారు వచ్చారు, కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరయిన మనిషి. జగన్ కుర్చీలో, కట్టు కట్టిన కాలు ఇంకో కుర్చీ మీద పెట్టి కూర్చున్నాడు. వాణ్ని తీసుకొచ్చిన మహేష్, అతనూ మా మెకానిక్కే, వెనక నిలబడ్డాడు.

"రా దశరథా. టీ తాగుతావా?" అన్నాడు సారు.

ముప్పై రెండేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగలేదు. తెప్పించి చేతికిచ్చేవాడు.

కాగితం ఆయనే చదివాడు. కంపెనీ పద్ధతి ప్రకారం ఇద్దరు మెకానిక్కులూ నొక్కిన తర్వాతే స్విచ్ ఎత్తాలి. మేస్త్రీ దశరథ రెండో మనిషి కోసం ఆగకుండా ఎత్తినందువల్ల ప్రమాదం జరిగింది. ఆ పద్ధతి తెలిపే డయాగ్రమ్ దీనికి జతచేయడమైనది. కింద నా సంతకం, జగన్ సంతకం, సాక్షిగా సాంబమూర్తి గారి సంతకం.

"నీ మీద కేసూ గీసూ ఏమీ ఉండదు. అది నా బాధ్యత," అన్నాడు సారు. "ఎలాగూ మానేద్దామనుకుంటున్నావుగా."

"నేను అనుకోలె సార్."

ఆయన పెన్ను నా వైపు జరిపాడు.

"పచ్చగైనంకనే ఎత్తిన," అన్నాను.

"జగన్ నొక్కకుండా పచ్చ ఎలా అవుతుందయ్యా?"

"గదే నేను గూడ అడుగుతున్న." ఉదయలక్ష్మి వైపు తిరిగాను. "పాపా, గీత కాడికి నేను ఒక్కన్నే వస్తే ఏమైతది?"

"ఆగుతుంది బాబాయ్." తల ఎత్తలేదు.

"మరి నాకు పచ్చ ఎట్లొచ్చింది?"

కింద కోచింగ్ సెంటరులో మైకు పట్టుకుని ఎవరో పాఠం చెబుతున్నారు. ఉదయలక్ష్మి లాప్‌టాప్ మూత సగం దించింది.

"ఎండలో స్క్రీన్ సరిగా కనపడి ఉండదు బాబాయ్. పసుపును చూసి పచ్చ అనుకుని ఉంటారు." తర్వాత సాంబమూర్తి గారి వైపు వంగి మెల్లగా అంది. "ఆయన చదువుకోలేదండీ. బొమ్మలు చూపించి నేర్పాం గానీ, ఎంతవరకు అర్థమైందో చెప్పలేను."

మీటర్ల గదికి కిటికీ కూడా లేదు. ఆమె స్వయంగా వచ్చి చూసిన గదే. ఆ మాట నేను అనలేదు. నా వేలు పట్టుకుని వెనక్కి జరిపిన చెయ్యి వంక చూస్తూ కూర్చున్నాను. ఆ చెయ్యి లాప్‌టాప్ మూత అంచును రుద్దుతోంది.

జగన్ కూడా తల దించుకునే ఉన్నాడు.

"గా జతచేసిన బొమ్మ ఒక్కసారి ఇయ్యండ్రి," అన్నాను.

సారు చిరాకు పడ్డాడు. "అది నీకెందుకయ్యా ఇప్పుడు?"

"సంతకం పెట్టే కాగితం చూసుకోనివ్వండి," అన్నారు సాంబమూర్తి గారు. ఫైలులోంచి ఆయనే తీసి ఇచ్చారు.

జేబులోంచి వాషర్లు తీశాను. ఒకటి నల్ల చుక్క మీద పెట్టి నడిపించాను. స్విచ్ దించే డబ్బా. పైన లావు గీత. రెండో వాషరు తీశాను. ఒకటి మోటారు గదిలోకి, ఒకటి గుంతలోకి పోయాయి. ఇంతవరకు నా గోడ మీది బొమ్మే. మోటారు గది వాషరును కిందికి జరిపాను. లావు గీత ఉంది, కనబడుతోంది. కానీ నా వేలు దాని దాకా పోకముందే ఆగింది. గీతకు కొంచెం పైన ఒక చిన్న డైమండ్ ఉంది. రెండు బాణాలూ ఆ డైమండ్‌లో దిగాయి. దాని నుంచి ఒకే బాణం బయటికి వచ్చి గీత మీద పడింది.

రెండుసార్లు చూశాను. కాగితాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి మూడోసారి చూశాను.

"సార్, జర ఇటు చూడున్రి." సాంబమూర్తి గారి ముందుకు జరిపాను. "నేను మీదికెళ్లి వచ్చిన. డైమండ్ల దిగిన. డైమండ్ ఎవర్నీ ఆపది, పంపించేస్తది. గీత మీదికి వచ్చిన. గీత ఎందరి కోసం చూడాలె? ఎన్ని బాణాలొస్తే అందరి కోసం. గీడ వచ్చేది ఒక్కటే బాణం. నేను వచ్చిన, వదిలేసింది." వాషరును గీత దాటించి స్విచ్ డబ్బాలో పెట్టాను. "జగన్ ఇంక గుంతల్నే ఉన్నడు."

రెండో వాషరు గుంత డబ్బాలో ఒంటరిగా ఉంది. జగన్ కర్ర ఆసరాతో ముందుకు వంగి దాని వైపు చూశాడు.

సంచిలోంచి నా లామినేషన్ బొమ్మ తీసి పక్కన పరిచాను. అందులో డైమండ్ లేదు. రెండు బాణాలూ నేరుగా గీత మీదే దిగాయి.

సాంబమూర్తి గారు కళ్లజోడు పైకి నెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చూశారు. రెండింటి అడుగున ఉన్న అంకెలు వేలితో తడిమారు. "రెండిట్లోనూ జనవరి తేదీయే ఉందండీ. బొమ్మలు మాత్రం వేరు."

"ప్రింటు తప్పు పడి ఉంటుంది," అన్నాడు సారు.

"డైమండ్ దానంతట అది ప్రింటవ్వదండీ," అన్నారు సాంబమూర్తి గారు. "ఎవరో ముందు గీత తీసి డైమండ్ పెట్టారు. ఇప్పుడు గీత తిరిగి పెట్టారు గానీ డైమండ్ తీయడం మరిచారు. అంతేనా అమ్మా?"

ఉదయలక్ష్మి కళ్లు తుడుచుకుంది. "మార్చిలో మార్చాం. గుంతల్లో సిగ్నల్ ఉండట్లేదు. ఒక్కో లిఫ్టు అరగంట ఆగిపోతోందని బిల్డింగుల వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఎవరో ఒకరు నొక్కితే చాలు, మార్చేయమని నాన్న..."

"ఉదయా," అన్నాడు సారు.

సాంబమూర్తి గారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఆ ఫోన్లు చేసినవాళ్లలో నేనూ ఉన్నానండీ," అన్నారు.

"నాకు చెప్పలె," అన్నాను.

"గ్రూపులో మెసేజ్ పెట్టాను బాబాయ్. మార్చిన రోజే."

ఆ గ్రూపు నా ఫోన్‌లోనూ ఉంది. అందులో వాళ్లు తెలుగునే ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంటారు. నేను పువ్వుల బొమ్మలు, పుట్టినరోజుల ఫోటోలు మాత్రం చూస్తాను. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఏ బిల్డింగుకు పోవాలో కూడా నాకు ఫోను చేసి చెబుతారు.

"అందరు చూసిన్రా?" అని మహేష్‌ను అడిగాను.

"చూసినం మేస్త్రీ. అందరం సరేనని బొటనవేలు బొమ్మ గూడ పెట్టినం."

పద్దెనిమిది మందిలో నేను పోతే పదిహేడు. జగన్ వైపు చూశాను.

"నువ్వు గూడనా?"

వాడు కాలి కట్టు వంక చూశాడు. "పెట్టిన కాకా."

"నీకు ఎరికేనా మరి? నేనొక్కన్ని నొక్కితే చాలని?"

"ఎరికే." కర్రను ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటరనుకున్న. మళ్ల స్విచ్ ఎత్తే ముంగట నువ్వు ఒకసారి పిలుస్తవు గదా అనుకున్న. గా ధైర్యంతోనే టార్చి కోసం దిగిన."

"గీత ఉన్నదని పిలువలె," అన్నాను.

నేను ఆగకుండా ఎత్తానని జగన్ ఇంక అనుకోడు. దాని కోసమే వచ్చాను. రెండు నెలలు నా పక్కన బండి మీద కూర్చుని, నా టిఫినులో తిని, వాడు ఆ ఒక్క మాట చెప్పలేదన్న సంగతి మాత్రం నేను వెతక్కుండానే దొరికింది.

సాంబమూర్తి గారు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. సారు కాగితాన్ని రెండు మడతలు పెట్టాడు. వేరేగా రాయిద్దాం, ఎవరి పేరూ లేకుండా రాయిద్దాం అన్నాడు. నేను లేచి నా బొమ్మ చుట్టుకున్నాను.

"కూర్చో దశరథా. టీ వస్తోంది."

"వద్దు సార్."

తలుపు దగ్గరికి ఉదయలక్ష్మి వచ్చింది. బల్ల మీద మరిచిన రెండు వాషర్లు అరచేతిలో పట్టుకుని ఉంది.

"బాబాయ్. మీకు మళ్లీ విడిగా బొమ్మ గీసి ఇవ్వాల్సింది. రేపిద్దాం, ఎల్లుండి ఇద్దాం అనుకుంటూనే..."

వాషర్లు తీసి జేబులో వేసుకున్నాను. ఆమె ఇంకేదో అనబోయింది. నేను మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి లోపలికి పోయింది.

నా చెప్పులు తొడుక్కున్నాను. పోవచ్చు. కానీ గోడ వారగా ఆ ఒంటి చెప్పు ఇంకా ఉంది. లోపల సారు గొంతు, మధ్య మధ్య జగన్ గొంతు వినబడుతున్నాయి. మహేష్ బయటికి వచ్చి లిఫ్టు పిలిచాడు. ఆ లిఫ్టును ఈ బిల్డింగులో బిగించినవాళ్లలో నేనూ ఒకణ్ని.

"మేస్త్రీ, లిఫ్టొచ్చింది. పోతవా?"

"పోనియ్."

మహేష్ నా మొహం, గోడ వారగా ఉన్న చెప్పు చూసి, తనే మెట్లు దిగి పోయాడు. పావుగంట గడిచింది. నాలుగుసార్లు లిఫ్టు పైకీ కిందికీ తిరిగింది. కింది అంతస్తుల్లో కోచింగ్ సెంటరు పిల్లలు ఎక్కుతూ దిగుతూ ఉన్న గోల వినబడింది. నేను చెప్పు పక్కనే నిలబడ్డాను.

జగన్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. ఒంటికాలి మీద నిలబడి చెప్పులో పాదం పెట్టబోతే అది జారింది. నేను కాలితో దాన్ని అడ్డం పట్టాను. వాడు నా భుజం పట్టుకుని తొడుక్కున్నాడు. కాకా అని పిలవలేదు. నేను బిడ్డా అనలేదు.

లిఫ్టు వచ్చింది. వాడు ఎక్కేదాకా తలుపు పట్టుకుని నిలబడి, తర్వాత నేను ఎక్కి, గ్రౌండ్ నొక్కాను.